ఊరికి వైద్యము చేయు విద్య

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఊరిలో ఒకరికి జ్వరము వచ్చినచో వైద్యుని పిలుతురు. ఒకే వీధిలో, ఒకే వారమున, పదిమందికి జ్వరము వచ్చినచో ఎవరిని పిలువవలెను? మొదటి ప్రశ్నకు పసిబిడ్డయు సమాధానము చెప్పగలదు. రెండవదానికి పెద్దలు సైతము కొంత తడుముకొందురు. పదిమందికి పది మాత్ర లిచ్చుట వైద్యము. ఆ పదిమందియు ఏ బావి నీరు త్రాగిరి, ఏ గుంటలో దోమలు పెరిగినవి, ముందుగా మంచము పట్టినవా రెవరు, పదునొకండవ వానికి రాకుండ ఆపుట ఎట్లు అని విచారించుట వేరొక విద్య. దానికి ప్రజారోగ్య శాస్త్రమని పేరు. ఆ విద్యలో పొందదగిన పెద్ద పట్టము 'డాక్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్' అనునది. అట్టి పట్టమును కోరువారు ఏమి నేర్చుకొందురు, ఏల నేర్చుకొందురు, దానివలన ఊరికి ఒరుగు మేలేమి అనునదియే నేటి ప్రసంగ విషయము.

డాక్టరు అను మాట లోకమున మూడు విధములుగా వాడుకలో నున్నది. రోగిని పరీక్షించి మందిచ్చు ఎం.బి.బి.ఎస్. వైద్యుడు డాక్టరు. ఒక విషయమును మథించి, అదివరకు ఎవరును ఎరుగని సంగతి నొకదానిని నిరూపించి, పిహెచ్.డి. పట్టము పొందిన పండితుడును డాక్టరే. ప్రజారోగ్య డాక్టరు ఈ యిరువురికిని భిన్నుడు. కనుగొనుట పండితుని ధర్మము. కనుగొన్నదానిని ఊరివారి వాడుకలోనికి తెచ్చుట ఇతని ధర్మము. కావుననే ఈ పట్టమును వృత్తిపరమైన డాక్టరేటు అందురు. చూచుటకు ఈ భేదము చిన్నదిగా తోచును. అది ఎంత పెద్దదో తెలిసికొనుటకు తెలుగుదేశపు నీటి కథ యొక్కటి చాలును.

నాటి నెల్లూరు జిల్లాలోను, 1970లో ఏర్పడిన తరువాత ప్రకాశము జిల్లాలోను చేరిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములలో పూర్వ మొక వింతరోగ ముండెను. పిల్లల పండ్లమీద గోధుమరంగు చారలు పడుచుండెను. నడివయసు వచ్చునప్పటికి వెన్ను బిగిసి కఱ్ఱవలె నగుచుండెను. మెడ త్రిప్పవలెనన్న మేనంతయు త్రిప్పవలసి వచ్చుచుండెను. ఎద్దులు కూడ కీళ్లు పట్టి నడువలేక నిలిచిపోవుచుండెను. జనులు కొందరు దీనిని వాతమనిరి, కొందరు గ్రహచారమనిరి. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు దీని మూలమును వెల్లడించిరి. రోగము గాలిలో లేదు, గ్రహములలో లేదు, త్రాగునీటిలో నున్నది. భూగర్భమునందలి రాళ్లనుండి ఫ్లోరైడు అను పదార్థము నీటిలోనికి కరగి వచ్చుచుండెను. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని నేటి ప్రమాణము. దానికి మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో ఎముకలు చెడును. చెడిన ఎముకలను మరల బాగుచేయు మందు లేదు. నీటిని కాచినను ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన కొలది మిగిలినదానిలో దాని పాలు హెచ్చును. ఉన్న మార్గ మొక్కటే: నీటిని మార్చవలెను, లేదా శుద్ధి చేయవలెను.

1937లో కారణము తెలిసినది. కాని కారణము తెలిసినంతమాత్రమున నీరు మారదు గదా! 1973లో హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి గార్లు ఫ్లోరైడు ప్రాంతములలో మోకాళ్లు లోనికి వంగిపోయిన యువకులను గూర్చి లోకమునకు తెలిపిరి. అదే దశకమున నాగపూరునందలి జాతీయ పర్యావరణ సాంకేతిక సంస్థవారు పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటిని శుద్ధిచేయు పద్ధతి నొకదానిని సిద్ధపరచిరి. దానికి నల్లగొండ పద్ధతి యని పేరు పెట్టిరి. పద్ధతి మంచిది, వస్తువులు చౌకయైనవి. అయినను దానిని నిత్యము కొలతతో జరుపవలెను. ఒకనాడు మానినచో నాటి నీరు పాత నీరే. అడుగున పేరుకొన్న మడ్డిని ఎక్కడ పారబోయవలెను? పటికకు డబ్బెవరియ్యవలెను? కలుపువాడు పెండ్లికి పోయిన దినమున ఎవరు కలుపవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము ప్రయోగశాలలో దొరకదు. నడుమ కొన్ని ఊళ్లకు నీటి పథకములు రాకపోలేదు. తెలంగాణమున ఇంటింటికి శుద్ధిచేసిన నదీజలము నందించు సంకల్పముతో మిషన్ భగీరథ 2016లో ప్రారంభమైనది. తెలుగునేలపై రోగకారణము తెలిసిన నాటికిని ఆ నాటికిని నడుమ 79 సంవత్సరములు గడచినవి. ఆ నడుమ పుట్టి, పెరిగి, వంగి, గతించినవారి కొరత శాస్త్రము లేని కొరత కాదు. శాస్త్రమును బావి దగ్గరకు నడిపించు మనుష్యులు చాలని కొరత. ప్రజారోగ్య డాక్టరు పట్టమునకు ఇదియే ప్రయోజనము, ఇదియే పరీక్ష.

ఇందుకు విరుద్ధమైన కథ యొకటి లండను నగరమున జరిగినది. 1854లో సోహో అను పేటలో కలరా పుట్టి, కొలది దినములలో 500 మందికి పైగా పొట్టన పెట్టుకొన్నది. కలరా చెడుగాలివలన వచ్చునని ఆనాటి పండితుల నమ్మకము. జాన్ స్నో అను వైద్యుడు ఇంటింటికి పోయి, మృతు లెవరు, ఏ పంపు నీరు త్రాగిరి అని అడిగి లెక్క వ్రాసెను. లెక్క అంతయు బ్రాడ్ వీథిలోని పంపు చుట్టును తిరిగెను. ఆయన ఆ లెక్కను పేట పెద్దల యెదుట పెట్టగా వారు సెప్టెంబరు 8వ తేదీన ఆ పంపు పిడిని ఊడదీయించిరి. అప్పటికే రోగము తగ్గుముఖము పట్టియుండవచ్చునని స్నోయే నిజాయితీగా వ్రాసెను. కలరా క్రిమిని జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు కాక్ నిర్ధారణ చేసినది 1884లో. అనగా స్నో క్రిమి పేరెరుగకయే 30 ఏండ్లు ముందుగా నీటి దోషమును పట్టుకొనెను. సూక్ష్మదర్శిని కంటె ఆయనకు ఎక్కువగా ఉపకరించినవి కాలినడక, ఓపిక, లెక్క, పెద్దలను ఒప్పించు నేర్పు. ఈ నాలుగింటిని శాస్త్రబద్ధముగా నేర్పుటకే తరువాతి కాలమున పాఠశాలలు పుట్టినవి.

ఆంగ్లదేశమునందలి పద్ధతిని బట్టి మొదట ప్రజారోగ్యమున డిప్లొమా ఏర్పడెను. తెలుగు జిల్లాలలో పెద్దలు విన్న డి.పి.హెచ్. అదియే. అమెరికాలో 1915లో వెల్చ్, రోజ్ అనువారు ప్రజారోగ్య విద్యనుగూర్చి ఒక నివేదిక సమర్పించిరి. దాని ఫలితముగా రాక్‌ఫెల్లరు ఫౌండేషనువారి ధనసహాయముతో 1916లో బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున ప్రజారోగ్య పాఠశాల స్థాపింపబడి, 1918 అక్టోబరులో తరగతులు మొదలిడెను. అది ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి ప్రపంచమును కాల్చుచున్న మాసము. ఆ మహమ్మారికి ఒక్క భారతదేశమునందే కోటికి పైగా ప్రాణములు బలియైనవి. అదే ఫౌండేషను సహాయముతో 1932 డిసెంబరు 30వ తేదీన కలకత్తాలో అఖిలభారత ప్రజారోగ్య సంస్థ వెలసినది. అది 1939లో హుగ్లీ జిల్లా సింగూరులో పల్లె ఆరోగ్య కేంద్రమును నెలకొల్పి, విద్యార్థులను తరగతి గదినుండి పొలము గట్టుమీదికి నడిపించెను. అదే 1939లో మద్రాసు రాజధానిలో ప్రజారోగ్య చట్టము వెలువడెను. 1946లో భోర్ కమిటీ తన నివేదికలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల ఆవశ్యకతను విపులీకరించెను. నేడు మండలములలో కనబడు ఆసుపత్రుల మూలము ఆ నివేదికయందున్నది.

ఈ పట్టమును ఆశించి సాధించిన భారతీయులలో డాక్టరు సుశీలా నయ్యరు గారి చరిత్ర తెలిసికొనదగినది. ఆమె 1914లో పంజాబుదేశమున జన్మించిరి. ఢిల్లీలోని లేడీ హార్డింజి వైద్య కళాశాలలో చదివిరి. ఆమె అన్న ప్యారేలాల్ గాంధీమహాత్ముని కార్యదర్శి. 1939లో ఆమె సేవాగ్రామము చేరిన కొలదిదినములకే వార్ధా ప్రాంతమున కలరా చెలరేగెను. ఆ యువవైద్యురాలు ఇంచుమించు ఒంటరిగా దానిని ఎదుర్కొనిరి. తరువాత మహాత్మునికి వైద్యురాలైరి. 1942 ఉద్యమమున పూనాలోని ఆగాఖాన్ భవనమున నిర్బంధింపబడిరి. కస్తూరిబా అచ్చటనే 1944లో కన్నుమూసినపుడు ఆమె దగ్గర నుండిరి. విడుదలయైన పిమ్మట సేవాగ్రామమున చిన్న వైద్యశాలను తెరచిరి. అది పెరిగి 1945లో కస్తూరిబా ఆసుపత్రియైనది.

ఇట్టి వైద్యురాలికి మరల బడి కేల పోవలసి వచ్చెను? ఆమెకు వైద్యమున పై పట్టమున్నది, ఆసుపత్రి యున్నది, దేశమంతట పేరున్నది. అయినను 1948లో మహాత్ముని నిర్యాణానంతరము, ముప్పది దాటిన వయసున, ఆమె అమెరికా వెడలి జాన్స్ హాప్కిన్స్ విద్యాలయమున విద్యార్థినిగా కూర్చుండి ప్రజారోగ్యమున రెండు పట్టములు సాధించిరి. వాటిలో పెద్దది డాక్టరు పట్టము. 1950లో తిరిగివచ్చి, దేశవిభజన శరణార్థుల నూతన పట్టణమైన ఫరీదాబాదులో క్షయరోగ చికిత్సాలయమును నెలకొల్పిరి. తరువాత ఢిల్లీ రాష్ట్రమునకును, 1962 నుండి 1967 వరకు దేశమునకును ఆరోగ్యమంత్రిణిగా పనిచేసిరి. పదవి పోయిన పిమ్మట 1969లో సేవాగ్రామమునందే వైద్య కళాశాలను స్థాపించిరి. అచ్చటి విద్యార్థుల జట్టు ప్రతి యేట ఒక పల్లెను దత్తత గొనును. ప్రతి విద్యార్థికిని కొన్ని కుటుంబము లప్పగింతురు. ఆ కుటుంబముల ఆరోగ్యమును అతడు మరల మరల పోయి విచారించుచుండవలెను. అచ్చటి ఆసుపత్రిలో పంట ఇంటికి వచ్చినపుడు రైతులు జొన్నలు కొలిచి యిచ్చి, ఏడాది పొడవున చికిత్సకు అర్హత పొందు ఏర్పాటు కూడ నడచినది. డబ్బు ఎల్లప్పుడు లేని పల్లెలో ధాన్యము ఏ మాసమున ఉండునో గుర్తించుట వైద్యగ్రంథములలో లేని తెలివి. బాల్టిమోరు పట్టమునకు సేవాగ్రామమున కలిగిన సార్థక్య మిట్టిది. ఆమె 2001లో పరమపదించిరి.

కనుగొనువానికిని చేర్చువానికిని గల సంబంధమునకు తెలుగువారి యింటి నిదర్శన మింకొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో అమెరికా చేరి, హార్వర్డులో ఉష్ణమండల వైద్యమున డిప్లొమా పొంది, తరువాత జీవరసాయన శాస్త్రమున మహాపండితులైరి. ఆయన నాయకత్వమున 1947 ప్రాంతమున బోదకాలు క్రిమిని చంపు డై ఇథైల్ కార్బమజైన్ అను మందు వెలువడెను. 1948లో ఆయన దివంగతులైరి. ఆ మందు సీసాలో నున్నంతకాలము బోదకాలునకు భయము లేదు. దోమ ఒకరి రక్తమునుండి క్రిమిపిల్లలను తీసికొని మరియొకరికి చేర్చును. కావున కాలు వాచినవారేగాక, ఏ బాధయు లేనివారును ఆ మాత్రను వేసికొనవలెను. అప్పుడే దోమకు దొరకు క్రిమి లేకపోవును. భారతదేశమున ఇట్టి సామూహిక ఔషధ పంపిణీ విస్తృతముగా సాగినది 2004 నుండి. ఆరోగ్య కార్యకర్త గడప యెక్కినపుడు గృహస్థుడు, "నా కాళ్లు బాగుగనే యున్నవి గదమ్మా, మాత్ర నాకెందుకు?" అని అడుగును. ఆ ప్రశ్న అజ్ఞానము కాదు, న్యాయమైనదే. దానికి గద్దింపు లేకుండ, అబద్ధము లేకుండ, అతనికి నచ్చునట్లు సమాధానము చెప్పవలెను. ఆ సమాధానమును వేయి గ్రామములలో వేలమంది కార్యకర్తల నోట పలికించవలెను. ప్రజారోగ్య డాక్టరు నేర్చు విద్యలో ముఖ్యభాగ మిది.

ఈ పట్టమునకు చదువువారు ఎపిడెమియాలజీ, అనగా వ్యాధి వ్యాప్తిని లెక్కించు శాస్త్రము, నేర్తురు. గణాంక శాస్త్రము నేర్తురు. చట్టము, ధనవ్యయము, పరిపాలనము, జనులతో మాటాడు తీరు నేర్తురు. పిమ్మట ఒక ఆరోగ్యశాఖలోనో సేవాసంస్థలోనో పనిచేసి, అచ్చటి నిజమైన చిక్కు నొకదానిని తీసికొని సిద్ధాంతగ్రంథము వ్రాయుదురు. సాధారణముగా దీనికి ముందు ఎం.పి.హెచ్. అను పట్టమును, కొన్ని సంవత్సరముల పని అనుభవమును కోరుదురు. ఆ మీదట మూడు నాలుగేండ్లో అంతకు మించియో పట్టును. ఉద్యోగము చేయుచునే చదువువారును పెక్కురు. నేడు ఈ మార్గము వైద్యులకు మాత్రమే పరిమితమైనది కాదు. నర్సులు, ఇంజనీర్లు, గణాంకవేత్తలు, సంఘసేవకులు కూడ ప్రవేశింపవచ్చును. ఎం.పి.హెచ్. కొరకు సముద్రము దాటవలసిన పనియు లేదు. తిరువనంతపురమునందలి శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో ఆ చదువు కలదు. హైదరాబాదున 2008లో భారత ప్రజారోగ్య సంస్థ ఏర్పడినది. భారతదేశమున పెక్కుమంది వైద్యులు కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎం.డి. చేసియు, ఇతరులు పిహెచ్.డి. చేసియు ఇదే సేవలోనికి వచ్చుచున్నారు.

ఇచ్చట తల్లిదండ్రులకు చెప్పవలసిన మాట యొకటి కలదు. కుమారునో కుమార్తెనో వైద్యవిద్యకు పంపుటకు పొలము కుదువబెట్టిన కుటుంబము లున్నవి. ఆ బిడ్డ చదువు ముగించి, "ఆసుపత్రి పెట్టను, ఊళ్ల నీళ్లు పరీక్షింతు" నన్నచో ఆ యింట దుఃఖము కలుగుట సహజము. ప్రజారోగ్య సేవలో సొంత ఆసుపత్రి రాబడి లేదు. మంచి జరిగినపుడు మెచ్చువారును ఉండరు. శస్త్రచికిత్సతో బ్రతికినవాడు వైద్యునికి దండము పెట్టును; రాకుండ పోయిన కలరాకు ఎవడు దండము పెట్టును? తప్పిన చావునకు ముఖము లేదు. ఈ సత్యమును దాచి యువకులను ఈ మార్గమునకు పిలుచుట ద్రోహము.

కావున ఈ పట్టమును కోరువారు ముందుగా మూడు ప్రశ్నలు వేసికొనుట మేలు. ఏ సమస్యను పరిష్కరించుటకు ఈ చదువు? ఆ సమస్య దగ్గర ఇదివరకే కొంతకాలము పని చేసితిమా? చదువు ముగిసిన పిదప ఆ పని నప్పగించు సంస్థ ఎక్కడ నున్నది? ఈ మూడింటికి సమాధానమున్నవారు విద్యార్థి వేతనములు వెదకి ముందునకు సాగవచ్చును. సమాధానము లేనివారు పేరు చివర అక్షరముల కొరకు విదేశపు జీతములు కట్టి అప్పుల పాలగుట తగదు. పొదిలి బావికిని నల్లగొండ బావికిని కావలసినది అక్షరముల వరుస కాదు. ఆ బావిని విడువని మనిషి.

ఇక గ్రామస్థుల భాగమును చెప్పవలెను. మద్రాసు రాజధాని గ్రామములలో మునసబు జనన మరణముల లెక్క వ్రాయుచుండెను. 1969 చట్టమును బట్టి నేటికిని ప్రతి జననము, ప్రతి మరణము నమోదు కావలెను. ప్రజారోగ్య డాక్టరు చదువు మొదటి గ్రంథ మదియే. ఒక మరణము వ్రాయబడనిచో ఆ రోగము లేనట్లే లెక్క. 2020లో కోవిడ్ వచ్చినపుడు లెక్క ఎంత విలువైనదో, లెక్క తప్పినచో ఎంత గందరగోళమో ప్రతి గడపయు తెలిసికొనినది. కారణమును సరిగా చెప్పి మరణమును నమోదు చేయించిన గృహస్థుడు, దుఃఖములోనే యుండియు, పొరుగు బిడ్డలకు ఉపకారము చేసినవాడగును.

గ్రంథాలయమునకును ఇందు పాత్ర కలదు. ఇచ్చటి గోడకు ఒక పలక వ్రేలాడదీయవచ్చును. ఊరి బావులలోను, బోర్లలోను నీటి పరీక్ష ఎన్నడు జరిగినది, ఫ్లోరైడు ఎంత, ఏ బోరు త్రాగుటకు తగినది, ఏది పశువులకును తగనిది అని దానిపై పంచాయతీవారు ఏటేట వ్రాయవచ్చును. పత్రికలు చదువ వచ్చిన వారందరును దానిని చూతురు. చదువురాని వారికి చదివిన వారు చెప్పుదురు. బడి పిల్లలు ఆ అంకెలను నోటుపుస్తకమున ఎక్కించుకొందురు. పది సంవత్సరముల అంకెలు వరుసగా నున్నచో, ఏ అధికారి వచ్చినను ఊరు చేతులు కట్టుకొని నిలువ నవసరము లేదు. లెక్క ముందు పెట్టి అడుగవచ్చును. జాన్ స్నో పేట పెద్దల యెదుట పెట్టినదియు అట్టి లెక్కయే.

ఆ పలకను చూచి, ఈ అంకె ఏల హెచ్చుచున్నదని అడుగు బాలికయో బాలుడో ఈ గ్రామమున తప్పక పుట్టుదురు. ఆ ప్రశ్నను పెద్దలు విసుగుకొని త్రోసివేయకుందురు గాక. ఆ బిడ్డ చదువుకు ఊరు అండగా నిలుచుగాక. ఆ బిడ్డ డాక్టరు పట్టము పొందిననాడు ఊరేగింపు ఉన్నను లేకున్నను, త్రాగు నీరు మంచిదైన చాలును. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఆ పలకమీది అంకెలు తగ్గియుండవలెనని కోరుచున్నాను.